గేటు మూయాలా, తెరవాలా?

ఉప్పల్ చౌరస్తా నుంచి ఏ దిక్కుకు వెళ్లినా చదువుల తావులే ఎదురవుతాయి. రామంతాపూర్ వైపు హైదరాబాద్ పబ్లిక్ స్కూల్, జవహర్‌లాల్ నెహ్రూ ప్రభుత్వ పాలిటెక్నిక్, ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఉన్నాయి. హబ్సిగూడ వైపు తిరిగితే ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ పరిశోధన సంస్థలు, అవి దాటితే తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయం. వరంగల్ రోడ్డు పట్టుకుంటే బోడుప్పల్, నారపల్లి మీదుగా ఘట్‌కేసర్ దాకా ఇంజనీరింగ్, ఫార్మసీ కళాశాలల బస్సులు బారులు తీరి కనిపిస్తాయి. నాచారంలో పారిశ్రామికవాడ ప్రహరీలకు కూతవేటు దూరంలోనే బడులు, జూనియర్ కళాశాలలు, వాటి హాస్టళ్లు.

ఇంతమంది పిల్లలు చేరే చోట హఠాత్తుగా ఆపద ముంచుకొస్తే ఏం జరుగుతుంది? మీ కళాశాలకు భద్రత ఉందా అని అడిగితే చాలా యాజమాన్యాలు ముందు గేటును చూపిస్తాయి. తర్వాత గోడ, సీసీ కెమెరాలు, సందర్శకుల రిజిస్టరు. ఇవన్నీ మామూలు రోజుల భద్రత. ఆపద వచ్చిన పది నిమిషాల్లో తేలాల్సినవి వేరు: ఏ తలుపు మూయాలి, ఏ తలుపు తెరవాలి, ఆ మాట ఎవరు చెప్పాలి. మూయడానికి మన దగ్గర ఏర్పాట్లకు కొదవ లేదు. తెరవడానికి తక్కువ. చెప్పేవాళ్లు ఎవరన్నది చాలాచోట్ల ఇంకా తేలనే లేదు.

ప్రాంగణాలన్నీ ఒక్క తీరువి కావు. ఉస్మానియా వెయ్యి ఎకరాలకు పైబడిన నేల. దాని మధ్యలోంచి విద్యానగర్, తార్నాక మధ్య తిరిగే బండ్లు నిత్యం పోతుంటాయి. దానికి గేటు వేయడమంటే నగరంలో ఒక దారి మూయడమే. ఉప్పల్, హబ్సిగూడల్లోని జూనియర్ కళాశాలల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. కింద బ్యాంకో మందుల దుకాణమో టిఫిన్ సెంటరో ఉంటుంది. మెట్లెక్కితే ఆఫీసు, దానిపైన రెండు మూడు అంతస్తుల తరగతులు, మిద్దెమీద రేకుల కింద భోజనశాల. ఆటస్థలం లేదు, గుమిగూడి నిలబడే ఖాళీ లేదు. అందరినీ బయటికి పంపితే నేరుగా రోడ్డు మీదే తేలతారు. పెద్ద విశ్వవిద్యాలయాల కోసం రాసిన భద్రతా నియమాలు ఈ రెండో రకం భవనాల దగ్గరికి వచ్చేసరికి సగం వర్తించవు. ఈ ప్రాంతంలో పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఎక్కువగా చదివేది మాత్రం ఈ రెండో రకంలోనే.

ఆపద గోడ దూకి వస్తుందనుకోవడం తొలి పొరపాటు. 2022 ఆగస్టులో రామంతాపూర్‌లోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో జరిగింది చూడండి. ఫీజు బకాయి ఉందని టీసీ ఇవ్వలేదు. ఆ విద్యార్థి తరఫున ఒక విద్యార్థి సంఘ నాయకుడు వచ్చాడు. ప్రిన్సిపల్ గదిలో మాటామాటా పెరిగింది. అతను వెంట తెచ్చిన పెట్రోలు పోసుకున్నాడు. మంటలు అంటుకుని అతనితోపాటు గదిలోని కళాశాల సిబ్బందీ కాలిన గాయాలపాలయ్యారు. వచ్చినవాళ్లు అపరిచితులు కారు, గేటు దాటడానికి వాళ్లకు కారణమూ ఉంది. సీసా దొరికేలా సోదా చేసి ఉండాల్సిందని తర్వాత చాలామంది అన్నారు. ఆ మాట నిజమే గానీ, గొడవ గేటు దగ్గర పుట్టలేదు, ఫీజుల కౌంటర్ దగ్గర పుట్టింది. చదువు పూర్తిచేసిన పిల్లవాడి టీసీని బాకీకి తాకట్టు పెట్టుకునే పద్ధతి ఉన్నంతకాలం అలాంటి గదుల్లో ఎప్పుడూ ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఏటా జూన్, జూలైల్లో ఏ కళాశాల ఆఫీసు ముందు చూసినా ఈ వాగ్వాదాలే. ఫిర్యాదు వినే మనిషి ఒకరు, ఆ గదికి రెండో తలుపు, అందుబాటులో ఒక అగ్నిమాపక సిలిండరు: ఈ మూడూ భద్రతలో భాగమేనని ఆ సంఘటన చెప్పింది.

దానికి చాలా ముందే, 2004లో, విజయవాడలో ఒక ఎంసీఏ విద్యార్థినిని ప్రేమ పేరుతో వేధించినవాడు కళాశాల తరగతి గదిలోనే నరికి చంపాడు. ఆ వేధింపు ఒక్కరోజులో మొదలైంది కాదు. తెలంగాణలో 2014 అక్టోబరులో పోలీసుల షీ టీమ్స్ మొదలయ్యాక ఫిర్యాదుకు ఒక దారి ఏర్పడింది. కానీ కళాశాల లోపల ఆడపిల్ల మొదట చెప్పుకునేది పోలీసుకు కాదు. పక్క బెంచీ స్నేహితురాలికి, ఆ తర్వాత కుదిరితే ఒక మేడమ్‌కు. ఆ మేడమ్ ఎవరికి చెప్పాలో ఆమెకు తెలిసి ఉండాలి.

విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2015లో విద్యార్థుల భద్రతపై మార్గదర్శకాలు జారీ చేసింది. సులువుగా ఎక్కలేనంత ఎత్తున ప్రహరీ, దానిపైన ముళ్లకంచె, మూడుకు మించని ప్రవేశద్వారాలు, ప్రతిచోటా కాపలాదారులు, వాళ్లలో కనీసం ఒక మహిళ, సీసీ కెమెరాలు, వచ్చేపోయేవారి నమోదు... బయటి మనిషిని ఆపడానికి ఇవి పనికొస్తాయి. అంతకు రెండేళ్ల ముందే, 2013లో, ఉమ్మడి రాష్ట్రం ప్రజాభద్రతా చట్టం తెచ్చి, జనం గుమిగూడే సంస్థలన్నీ కెమెరాలు పెట్టి తీరాలంది. విద్యాసంస్థలూ అందులో ఉన్నాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఉప్పల్‌కు అంత దూరమేమీ కాని దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. ఆ భయం జనంలో ఇంకా పచ్చిగా ఉన్న కాలమది. కెమెరా నేరస్తుణ్ని తర్వాత పట్టిస్తుంది. ఆ క్షణాన తెరమీద చూస్తూ నిర్ణయం తీసుకునే మనిషి లేకపోతే మాత్రం ఆపదను ఆపలేదు.

అగ్గి రాజుకున్న రోజు ఇదే ఏర్పాటు ఎదురు తిరుగుతుంది. ముళ్లకంచె గోడ, మూడే గేట్లు, కిటికీలకు ఇనుప ఊచలు, వరండాలకు గ్రిల్స్, మిద్దె తలుపుకు తాళం ఉన్న భవనంలోంచి నాలుగు వందల మంది ఎలా దిగుతారు? మిద్దెకు తాళం వేయడం వెనుక ఒక బాధాకరమైన కారణం ఉంది. చదువుల ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్న పిల్లలను చూసి భయపడిన వార్డెన్లు ఆ తాళం వేశారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అయినా పొగ కిందినుంచి పైకి వచ్చేటప్పుడు పైఅంతస్తు పిల్లలకు మిగిలే దారి మిద్దే. తాళంచెవి వార్డెన్ జేబులో ఉండి, వార్డెన్ కింద మెస్‌లో ఉంటే ఆ దారి లేనట్టే.

సూరత్‌లో 2019 మే 24న జరిగింది ఇలాంటిదే. తక్షశిల అనే వాణిజ్య భవనం పైకప్పు మీద నడిచిన కోచింగ్ కేంద్రంలో 22 మంది విద్యార్థులు చనిపోయారు. దిగే మెట్లను మంటలు కమ్మేశాయి, పైనుంచి దూకినవాళ్లూ ఉన్నారు. సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 2023 మార్చి 16న ఆరుగురు మరణించారు. వాళ్లు ఉద్యోగులే గానీ అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్లు, పల్లెల నుంచి నగరానికి వచ్చినవాళ్లు. వాళ్లను చంపింది పొగ. అదే ఏడాది నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాస భవనం కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం తొమ్మిదిమంది పోయారు. ఈ రెండూ విద్యాసంస్థలు కావు. ఉప్పల్ జూనియర్ కళాశాలలు నడుస్తున్నది మాత్రం సరిగ్గా ఇలాంటి భవనాల్లోనే: కింద ఏ సరుకు నిల్వ ఉందో పైన చదివేవాళ్లకు తెలియదు.

చట్టం లేక కాదు. తమిళనాడులోని కుంభకోణం బడిలో 2004 జూలైలో 94 మంది పిల్లలు కాలిపోయాక దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో తీర్పిస్తూ, సురక్షితమైన బడి కూడా చదువు హక్కులో భాగమేనని, జాతీయ భవన నియమావళిని పాటించి తీరాలని చెప్పింది. ఆ నియమావళి ప్రకారం విద్యాసంస్థ మెట్లదారి కనీస వెడల్పు ఒకటిన్నర మీటర్లు. 1999 నాటి మన అగ్నిమాపక చట్టమైతే బడుల వంటి జనం చేరే భవనాలకు ఆరు మీటర్ల ఎత్తు దాటితే చాలు, అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కావాలంది. అమలు దగ్గరే కథ మారింది. ఎన్‌ఓసీ లేకుండా నడుస్తున్న కళాశాలలపై తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది, 2020లో ఇంటర్ బోర్డు నోటీసులిచ్చింది. తర్వాత 15 మీటర్ల లోపు భవనాలకు సడలింపు వచ్చింది. దుకాణాలు, కళాశాల కలిసి ఉన్న భవనాలకు, అధికారులు ‘మిక్స్‌డ్ ఆక్యుపెన్సీ’ అనేవాటికి, విద్యార్థుల భవిష్యత్తు పేరు చెప్పి ఏటికేడు గడువు పొడిగిస్తూ వచ్చారు. పదిహేను మీటర్లంటే సుమారు నాలుగు అంతస్తులు. వీధిలోని చాలా కళాశాలలు ఆ లోపే ఉంటాయి. నాలుగో అంతస్తు నుంచి పొగలో దిగడం పదిహేడేళ్ల పిల్లకు సులువని ఏ అగ్నిమాపక అధికారీ అనడు. సడలింపు ఇచ్చినవాళ్లు ఆ భవనాలకు కనీసం రెండో మెట్లదారినైనా షరతుగా పెట్టాల్సింది.

నాచారంలో నిప్పు కన్నా గాలి పెద్ద ప్రశ్న.

నాచారం, మల్లాపూర్, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామికవాడలు ఒకదానికొకటి ఆనుకున్నట్టుగా ఉంటాయి. మందులు, రసాయనాలు, ప్లాస్టిక్, రబ్బరు, ఆహార పదార్థాల పరిశ్రమలన్నీ ఉన్నాయి. చర్లపల్లిలో చమురు కంపెనీల నిల్వ కేంద్రాలు, వంటగ్యాస్ నింపే ప్లాంట్లు ఉన్నాయి; వాటి ట్యాంకర్లు ఈ రోడ్ల మీదే తిరుగుతాయి. 2018 జనవరిలో ఉప్పల్‌కు దగ్గరలోని చెంగిచెర్లలో ట్యాంకరు పేలి మంటలెగిశాయి. పారిశ్రామికవాడ మొదట వచ్చింది, ఇళ్లూ బడులూ దాన్ని చుట్టుకుంటూ తర్వాత వచ్చాయి. పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలో 2025 జూన్ 30న సిగాచి కర్మాగారం పేలి నలభైమందికి పైగా చనిపోయిన తర్వాత, నాచారంలో పిల్లలను చదివించే తల్లిదండ్రులు పక్క ప్రహరీ వెనుక ఏముందని అడగడం మొదలుపెడితే అది అతి భయం కాదు.

గ్యాస్ లీకైతే చేయాల్సింది నిప్పు అంటుకున్నప్పుడు చేసేదానికి పూర్తిగా విరుద్ధం. తలుపులు, కిటికీలు మూయాలి, ఏసీలు ఆపాలి, సందుల్లో తడిగుడ్డలు కుక్కాలి, ముక్కుకు తడి రుమాలు కట్టుకోవాలి. గాలికన్నా బరువైన వాయువైతే నేల అంతస్తు వదిలి పైకి వెళ్లాలి. బయటికి పరుగెత్తక తప్పనప్పుడు గాలి వీచే దిశకు అడ్డంగా వెళ్లాలి. విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి వెంకటాపురం మీదికి పాకినప్పుడు జనం వీధుల్లోకి పరుగులు తీసి అక్కడే పడిపోయారు. పన్నెండుమంది చనిపోయారు. ఆ కర్మాగారంలో సైరన్ మోగించే బటన్లు 36 చోట్ల ఉన్నా ఒక్కటీ నొక్కలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. యంత్రం ఉంది. దాన్ని నొక్కమని చెప్పే మనిషి, నొక్కే అధికారం తనకుందని నమ్మిన మనిషి లేకపోయారు.

ఇప్పుడు మన కళాశాల గంటను చూద్దాం. పీరియడ్ మారినా, భోజనానికైనా, మంటలొచ్చినా మోగేది ఒకటే గంట. అది మోగగానే పిల్లలు బ్యాగులు సర్దుకుని మెట్లవైపు నడుస్తారు, ఎందుకంటే వాళ్లకు తెలిసిన అర్థం అదే. నిప్పుకు అది సరిపోతుంది. విషవాయువుకు అదే ప్రాణాంతకం. నీళ్లొచ్చినప్పుడు కిందికి కాదు, పైకి వెళ్లాలి. కనుక మూడు రకాల ఆపదలకు మూడు రకాల సంకేతాలు కావాలి, ఏ సంకేతానికి ఏం చేయాలో పిల్లలకు అలవాటు కావాలి. మైకు ఉన్న కళాశాలకు దీనికయ్యే ఖర్చు దాదాపు శూన్యం.

నీళ్ల ముప్పు ఇక్కడ ఊహ కాదు. 2020 అక్టోబరు 13 రాత్రి ఘట్‌కేసర్ దగ్గరి సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఉప్పల్, రామంతాపూర్, హబ్సిగూడ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అది కరోనా కాలం, కళాశాలలు మూసి ఉన్నాయి; లేకుంటే సెల్లార్లలోని మెస్‌లు, చదువు గదుల సంగతేమిటి? జవాబు 2024 జూలై 27న ఢిల్లీ రాజేంద్రనగర్‌లో దొరికింది. కోచింగ్ కేంద్రం నేలమాళిగ గ్రంథాలయంలోకి వరదనీరు దూసుకొచ్చి ముగ్గురు చనిపోయారు. వాళ్లలో ఒక అమ్మాయి కుటుంబం తెలంగాణలో ఉండేది.

కరెంటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2025 ఆగస్టులో రామంతాపూర్ గోఖలేనగర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్ ప్రవాహం సోకి ఐదుగురు చనిపోయారు. కళాశాల గేటు ముందు వేలాడే తీగల కట్టలు, పండుగకో ఫెస్ట్‌కో కట్టే ఇనుప కమాన్లు అలాంటివే. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ప్రిన్సిపల్‌కు తెలియని భవనాలు చాలా ఉన్నాయి. తెలిసిన ఎలక్ట్రీషియన్ ఆదివారాలు రాడు.

భూకంపం విషయంలో హైదరాబాద్ తక్కువ ముప్పున్న ప్రాంతం. అయినా 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పుడు నగరంలోనూ ఆ ప్రకంపన తెలిసింది. భూకంపాలను గమనించే ఎన్‌జీఆర్‌ఐ ఉప్పల్ రోడ్డులోనే ఉంది. చుట్టుపక్కల కళాశాలలు ఏడాదికోసారి అక్కడి శాస్త్రవేత్తను పిలిచి పిల్లలతో మాట్లాడించగలవు.

ఇక కబురు చేర్చడం. అమెరికాలోని వర్జీనియా టెక్‌లో 2007 ఏప్రిల్ 16 ఉదయం ఏడుంబావుకు హాస్టల్‌లో ఇద్దరిని కాల్చి చంపిన విద్యార్థి, రెండు గంటలు దాటాక నోరిస్ హాల్ తలుపులకు లోపలినుంచి గొలుసులు వేసి మరో ముప్పైమందిని చంపాడు. మొదటి కాల్పుల గురించి విద్యార్థులకు ఈమెయిల్ వెళ్లింది 9 గంటల 26 నిమిషాలకు. ఆ ఆలస్యానికి విశ్వవిద్యాలయానికి తర్వాత ప్రభుత్వ జరిమానా పడింది, అత్యవసర హెచ్చరికల నియమాలు కఠినమయ్యాయి. అదే ఏడాది డిసెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీ ప్రాంగణంలోని అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు తెలుగు పీహెచ్‌డీ విద్యార్థులను దుండగులు కాల్చి చంపారు. విశ్వవిద్యాలయం సెల్‌ఫోన్లకు హెచ్చరికలు పంపింది. అవి అందరికీ చేరలేదు. ఆ వార్త అప్పట్లో మన ఊళ్లలో ఎందరు తల్లిదండ్రులకు నిద్ర లేకుండా చేసిందో ఆ తరానికి గుర్తుంటుంది. తొమ్మిదేళ్ల తర్వాత లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్‌ఏలో కాల్పులు జరిగినప్పుడు ఇంకో చిక్కు బయటపడింది. అక్కడి కొన్ని గదుల తలుపులు బయటికి తెరుచుకునేవి, లోపల గడియ లేదు. నిప్పు వచ్చినప్పుడు అదే మేలు. సాయుధుడు వస్తే ఎలా? విద్యార్థులు బెల్టులు విప్పి తలుపు పిడులకు కట్టి లాగి పట్టుకున్నారు.

మన జూనియర్ కళాశాలల్లో సెల్‌ఫోన్ నిషేధం. హాస్టల్ పిల్లల దగ్గర అసలే ఉండదు. కనుక ఫోన్ సందేశాల మీద ఆధారపడే ఏ విధానమూ ఇక్కడ పిల్లలను చేరదు. అది తల్లిదండ్రులను చేరుతుంది. వాళ్లు చేసేది ఒకటే, బండెక్కి కళాశాలకు పరుగెత్తడం. 2024 మే 1న ఢిల్లీ పరిసరాల్లో వందకు పైగా బడులకు బాంబు బెదిరింపు ఈమెయిళ్లు వచ్చినప్పుడు అదే జరిగింది. బాంబులేవీ లేవు, రోడ్ల నిండా తల్లిదండ్రులే. ఉప్పల్‌లో అలాంటి ఉదయం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. నారపల్లి వైపు ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగుతూ రోడ్డును ఇరుకు చేశాయి. చౌరస్తాలో నడిచేవాళ్ల కోసం 2023లో స్కైవాక్ వచ్చింది, బండ్ల రద్దీ మాత్రం అలాగే ఉంది. మౌలాలి వైపు నుంచి అగ్నిమాపక శకటం రావాలన్నా, 108 అంబులెన్సు రావాలన్నా ఆ తల్లిదండ్రుల బండ్లను దాటుకునే రావాలి. పిల్లలను ఎక్కడ అప్పగిస్తారో, ఎవరికి అప్పగిస్తారో ముందే చెప్పి ఉంచితే, ఆ చోటు గేటుకు దూరంగా ఏ గుడి మైదానమో ఫంక్షన్ హాలో అయితే, రోడ్డు కొంత ఖాళీగా ఉంటుంది.

పుకారు కూడా ఆపదే. కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కళాశాలలో 2024 ఆగస్టు చివర బాలికల హాస్టల్ స్నానాల గదుల్లో రహస్య కెమెరాలున్నాయన్న మాట పాకి వందలాది విద్యార్థినులు అర్ధరాత్రి ఆందోళనకు దిగారు. కెమెరాలు దొరకలేదని పోలీసులు చెప్పారు. ఆ అమ్మాయిల భయం మాత్రం అబద్ధం కాదు. యాజమాన్యం మొదటి గంటలోనే వాళ్ల ఎదుట నిలబడి, వాళ్లలో కొందరిని వెంటబెట్టుకుని వెతికితే సగం ఆందోళన అక్కడే చల్లారుతుంది. అలాంటి వేళ గేటుకు తాళం వేయడం భయాన్ని రెట్టింపు చేస్తుంది.

జనసమ్మర్దం ఉప్పల్‌కు కొత్త కాదు. రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ ఉంటే సాయంత్రం నుంచి చౌరస్తా, హబ్సిగూడ, రామంతాపూర్ రోడ్లు కిక్కిరిసిపోతాయి. ఐపీఎల్ కాలం, పరీక్షల కాలం రెండూ మార్చి నుంచి మే దాకానే. 2022 సెప్టెంబరులో ఉప్పల్ మ్యాచ్ టికెట్ల కోసం జింఖానా మైదానంలో తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు. ప్రాంగణాల లోపలి ఉత్సవాలకూ ఇదే ప్రమాదం. కేరళలోని కొచ్చిన్ విశ్వవిద్యాలయం టెక్ ఫెస్ట్‌లో 2023 నవంబరు 25న ఆరుబయలు ప్రేక్షకశాలలో పాట కచేరీకి జనం చేరారు. వాన మొదలైంది. బయటున్నవాళ్లు ఒక్కసారిగా ఇరుకు ద్వారంలోంచి, ఏటవాలు మెట్ల మీదుగా తోసుకొచ్చారు. నలుగురు చనిపోయారు. అక్కడ నిప్పు లేదు, దుండగుడు లేడు. ద్వారం చాలలేదు, అంతే. మన కళాశాలల ఫ్రెషర్స్ పార్టీలు, వార్షికోత్సవాలు ఫంక్షన్ హాళ్లలో జరిగేటప్పుడు టికెట్ తనిఖీ కోసం ఒకే తలుపు తెరిచి మిగతావి మూస్తారు. ఆ పద్ధతి మానుకోవాలి.

గేటు దగ్గర నిలబడేది ఎవరు? చాలాచోట్ల యాభై దాటిన ఒక మనిషి, పన్నెండు గంటల డ్యూటీ, ఒక లాఠీ, ఒక రిజిస్టరు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద వచ్చిన నమూనా నియమాలు ప్రతి గార్డుకూ నూరు గంటల తరగతి శిక్షణ, అరవై గంటల క్షేత్ర శిక్షణ ఇవ్వాలన్నాయి. జనాన్ని అదుపు చేయడం, మంటలార్పడం, ప్రథమ చికిత్స అందులోనివే. అవి నేర్పకుండా యూనిఫాం తొడిగి నిలబెట్టడం ఆ మనిషికీ అన్యాయమే, పిల్లలకూ అన్యాయమే. పిల్లలు సెక్యూరిటీ అన్న అని పిలిచే ఆ మనిషికే ఎవరు రోజూ ఏడుస్తూ బయటికి వస్తున్నారో, ఏ కొత్త ముఖం గేటు చుట్టూ తిరుగుతోందో అందరికన్నా ముందు తెలుస్తుంది. అతని మాట వినే సమావేశం ఏ కళాశాలలోనూ జరగదు. జరగాలి.

అన్నిటికన్నా తరచుగా వచ్చే ఆపద ఒక పిల్లవాడు ఉన్నట్టుండి కుప్పకూలడం. 2023 మార్చిలో మేడ్చల్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థి గుండె ఆగి చనిపోయాడు. ఆ నెలలోనే తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. 108 సేవ 2005 ఆగస్టు 15న పుట్టింది ఈ నగరంలోనే. కానీ గుండె ఆగిన మనిషికి మొదటి నాలుగైదు నిమిషాలే కీలకం, ఉప్పల్ ట్రాఫిక్‌లో ఆ వ్యవధిలో ఏ వాహనమూ రాదు. ఛాతీ మీద నొక్కడం తెలిసిన ఇద్దరు ప్రతి అంతస్తులో ఉంటే బతికే అవకాశం ఉంటుంది. నాచారంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. అది బీమా ఉన్న కార్మికులది. అత్యవసరంలో ఏ ఆసుపత్రికి, ఏ దారిలో తీసుకెళ్లాలో ముందే మాట్లాడుకోవాల్సింది కళాశాలే.

పోలీసుల గురించి ఈ ప్రాంతంలో ఒక జ్ఞాపకం ఉంది, దాన్ని పక్కనపెట్టి భద్రత గురించి మాట్లాడలేం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలో, 2009, 2010ల్లో, ఉస్మానియా ప్రాంగణంలో బాష్పవాయు గోళాలు పేలాయి, లాఠీలు లేచాయి. ఆ తరం విద్యార్థులకు ప్రాంగణంలో బలగాలంటే రక్షణ అని తోచదు. అందుకే ప్రాంగణంలో పోలీసు స్టేషన్ పెట్టండన్న గ్రాంట్ల సంఘం సలహా ఢిల్లీలో రాసినంత సులువుగా తార్నాకలో అమలు కాదు. దీనికి మధ్యేమార్గం ఉంది. స్థానిక ఇన్‌స్పెక్టరుకు, అగ్నిమాపక కేంద్రానికి భవనం నక్షా ముందే ఇచ్చి, ఏ పరిస్థితిలో ఎవరు పిలిస్తే లోపలికి వస్తారో కాగితం మీద రాసుకుని, విద్యార్థి ప్రతినిధులకు ఆ కాగితం చూపించవచ్చు.

ఆపద దాటాక ఏమిటన్నది ఇంకా తక్కువమంది ఆలోచిస్తారు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలవుతూనే నగరంలోని ప్రైవేటు హాస్టళ్లు పిల్లలను ఖాళీ చేయమన్నాయి. వేలమంది పాసుల కోసం పోలీసు స్టేషన్ల ముందు వరసకట్టారు, పాసు పట్టుకుని బయల్దేరినవాళ్లు ఆంధ్ర సరిహద్దు దగ్గర రాత్రంతా నిలిచిపోయారు. ఆ వారం హాస్టళ్లకు కావాల్సింది మూడు పూటల తిండి, తలుపు తెరిచి ఉంచే మనసు. బాధ్యత గేటుతో ముగియదని కోర్టులూ చెప్పాయి. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో లార్జీ డ్యాం నీళ్లు వదలడంతో హైదరాబాద్ బాచుపల్లి ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయినప్పుడు, హిమాచల్ హైకోర్టు పరిహారంలో కొంత వాటాను కళాశాల మీద కూడా మోపింది.

ఇవన్నీ కోట్ల రూపాయల పనులు కావు. రెండో మెట్లదారిలో పేర్చిన పాత బెంచీలు తీసేయడానికి, మిద్దె తాళంచెవిని తలుపు పక్కనే అద్దాల పెట్టెలో వేలాడదీయడానికి, మూడు రకాల సైరన్లు అలవాటు చేయడానికి, ఏడాదికి రెండుసార్లు చెప్పకుండా డ్రిల్ పెట్టి ఎన్ని నిమిషాలు పట్టిందో నోటీసు బోర్డులో రాయడానికి కావాల్సింది ఒక్క మనిషి. ప్రిన్సిపల్ ఊళ్లో లేని రోజున కూడా గేటు మూయమనో తెరవమనో చెప్పే అధికారం రాతపూర్వకంగా ఉన్న మనిషి. పారిశ్రామికవాడ పక్కనున్న బడులు, కళాశాలలకైతే ఇంకొకటి కావాలి: పక్క కర్మాగారంలో ఏ రసాయనాలున్నాయో, లీకైతే ఎవరు ఫోన్ చేస్తారో తెలిపే జాబితా. ఆ జాబితా ఇవ్వాల్సిన బాధ్యత ఆ కర్మాగారాలది, అడగాల్సిన బాధ్యత విద్యాసంస్థల యాజమాన్యాలది.

జూన్‌లో అడ్మిషన్లకు వెళ్లే తల్లిదండ్రులకు ఒక విన్నపం. ర్యాంకులు, ఏసీ గదులు, ఫీజు రాయితీలు అడిగాక, ఆఫీసులోంచి లేచి, రెండో మెట్లదారి చూపించమని అడగండి. దాని తలుపు మీ చేత్తో తోసి చూడండి. మిద్దె తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, కిందిఅంతస్తు దుకాణంలో ఏం నిల్వ చేస్తారో, కిందటి డ్రిల్ ఏ తేదీన జరిగిందో అడగండి. చూపించలేని చోట, ఫ్లెక్సీ మీద ర్యాంకులు ఎన్ని ఉన్నా, దరఖాస్తు నింపకండి.